హాంకాంగ్‌ని తింటూ, నడుస్తూ చూడటం ఎలా?

హాంకాంగ్ వెళ్లొచ్చిన చాలామంది చెప్పేది ఒకటే: డిస్నీలాండ్ ఒక రోజు, విక్టోరియా పీక్ కొండ మీద ఒక సాయంత్రం, మిగతాదంతా షాపింగ్. మూడో రోజుకల్లా కాళ్లు పీకి, "ఏముంది, అంతా జనం, అన్నీ బిల్డింగులే" అంటూ తిరుగు విమానం ఎక్కేస్తారు. ఆ ఊరిని అలా చూస్తే అలాగే కనిపిస్తుంది మరి.

ముందు ఒక చిన్న లెక్క తెలుసుకోండి. అక్కడ సుమారు 75 లక్షల మంది, దాదాపు 1,100 చదరపు కిలోమీటర్ల నేల మీద ఉంటారు. కానీ ఇళ్లూ ఆఫీసులూ రోడ్లూ అన్నీ కలిపి ఆక్రమించింది ఆ నేలలో నాలుగో వంతే. నలభై శాతం దాకా రక్షిత కంట్రీ పార్కులు, మిగతాది కొండలూ పొదలూ. ఊరు అంత ఇరుగ్గా ఉండటానికి కారణం ఇదే. ఏ సందులో నిలబడినా గంటలోపు అడవిలోనో సముద్రం ఒడ్డునో తేలగలగడానికీ కారణం ఇదే. మీ ప్లాన్ దీని మీదే కట్టుకోండి: ఒక రోజు ఇరుకులో, మర్నాడు బయట. ఇరుకులో గడిపే రోజు కూడా ఒక్క పేటే, రెండు కాదు.

బయల్దేరే ముందు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు హాంకాంగ్‌లో 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హాంకాంగ్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది మధ్యవర్తిది, మూసేయండి. వచ్చిన స్లిప్ ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ కుదరకపోతే మామూలు వీసాకే దరఖాస్తు చేసుకోవాలి కాబట్టి, టికెట్లు కొనకముందే ఈ పని ముగించండి.

వెళ్లడానికి మంచి కాలం అక్టోబర్ నుంచి డిసెంబర్. ఎండ ఉంటుంది, ఉక్క ఉండదు. మే నుంచి సెప్టెంబర్ దాకా ఉక్కపోత, జడివాన, తుఫాన్లు. చైనా కొత్త సంవత్సరం మొదటి రెండు మూడు రోజుల్లో చిన్న హోటళ్లు చాలా మూసేస్తారు. తిండి కోసమే వెళ్తుంటే ఆ రోజులు వదిలేయండి.

గది విషయంలో ఫొటోలు నమ్మకండి. ఎన్ని చదరపు అడుగులో చూడండి. రెండు సూట్‌కేసులు పక్కపక్కన తెరవలేని గదులు అక్కడ మామూలే. సముద్రపాయకి ఒకవైపు కౌలూన్, ఇంకోవైపు హాంకాంగ్ ద్వీపం. కౌలూన్ వైపు జోర్డన్ లేదా యావ్ మా తే, ద్వీపం వైపు షంగ్ వాన్ అయితే మెట్రో గుమ్మంలోనే ఉన్నట్టు. ఎలాగూ గదిలో ఉండేది పడుకోవడానికే.

దిగగానే చేయాల్సినవి

ఎయిర్‌పోర్టులోనే ఆక్టోపస్ కార్డు తీసుకోండి. 1997లో రవాణా చార్జీల కోసం మొదలైన ఈ కార్డు ఇప్పుడు మెట్రో, బస్సు, ట్రామ్, ఫెర్రీ, కిరాణా, బేకరీ, చాలా చిన్న హోటళ్లలోనూ నడుస్తుంది. మామూలు కార్డుకి 50 హాంకాంగ్ డాలర్ల డిపాజిట్ ఉంటుంది. బస్సులో నగదు ఇస్తే సరిగ్గా చిల్లర ఉండాలి, డ్రైవర్ తిరిగివ్వడు.

ఊళ్లోకి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు 24 నిమిషాల్లో చేరుస్తుంది. అయినా నా ఓటు బస్సుకే. కౌలూన్ వెళ్లేవాళ్లు ఏ21 ఎక్కండి, ద్వీపం వైపు వెళ్లేవాళ్లు ఏ11. రైలు కంటే చాలా చవక, సామాను పెట్టుకునే చోటుంది. మేడమీద ముందు సీటు దొరికితే, వంతెనలూ ఓడరేవు క్రేన్లూ దాటి కౌలూన్ నడిమధ్య నాథన్ రోడ్డు ఎలా చిక్కబడుతుందో కళ్లారా చూస్తారు. ఊరి భౌగోళికం ఆ ఒక్క ప్రయాణంలో బుర్రకెక్కుతుంది.

ఊళ్లో తొందర ఉంటే మెట్రో, లేకపోతే ట్రామ్. 1904లో మొదలై, ఇప్పుడు రెండంతస్తులతో నడుస్తున్న ట్రామ్‌లు ద్వీపం ఉత్తరపు అంచు వెంట కెనడీ టౌన్ నుంచి షావ్ కే వాన్ దాకా వెళ్తాయి. వెనక ద్వారంలోంచి ఎక్కాలి, డబ్బు దిగేటప్పుడు ముందువైపు కట్టాలి. ఎంత దూరమైనా ఒకటే చార్జీ, మూడు డాలర్ల పైచిలుకు. ఆఫీసు వేళలు కాని సమయంలో ఎక్కి మేడమీద ముందు సీట్లో కూర్చోండి. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చేతికందేంత దగ్గరగా సాగిపోతాయి.

సముద్రపాయ దాటడానికి స్టార్ ఫెర్రీ. కింద మెట్రో ఉంది కదా అనకండి. ఒకసారి పగలు, ఒకసారి దీపాలు పెట్టాక, పది డాలర్లలోపే. దీనికి మనవైపు సంబంధం కూడా ఉంది: 1888లో ఈ ఫెర్రీ కంపెనీని స్థాపించింది డోరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా అనే పార్శీ.

ఎప్పుడు తినాలో తెలిస్తే సగం పనైనట్టే

హాంకాంగ్‌లో తిండి బాగుండటం ఒక ఎత్తు, కూర్చోడానికి చోటు దొరకడం ఒక ఎత్తు. పన్నెండున్నర నుంచి రెండు దాకా ఆఫీసు జనం హోటళ్ల మీద పడతారు. ఆ వేళ మెనూ పట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటే వెయిటరు మొహం చిట్లిస్తాడు. తప్పు అతనిది కాదు, మీ వెనక పదిమంది నిలబడి ఉంటారు. పదకొండున్నరకి వెళ్లండి, లేదా రెండు దాటాక. రెండింటి నుంచి ఆరింటి దాకా చాలాచోట్ల మధ్యాహ్నపు టీ సెట్లు, అంటే టీ, టిఫిన్ కలిపి ఒకే ధరకి, ఉంటాయి. అవి భోజనం సెట్లకంటే చవక, ఒక మనిషికి సరిపోతాయి.

మొదటి ఉదయం ఒక చిన్న టీ హోటల్‌కి, అక్కడి మాటలో చా చాన్ టెంగ్‌కి వెళ్లండి. టైల్స్ గోడలు, బల్లమీద అద్దం కింద దూర్చిన మెనూ, ఒకే బల్ల దగ్గర ఒకరికొకరు తెలియని నలుగురు. అంతే దాని స్వరూపం. బల్ల పంచుకోవడం అక్కడ మామూలు. ఎదుటివాళ్లని పలకరించాల్సిన పనిలేదు, సంచీ ఒళ్లో పెట్టుకుంటే చాలు. పాల టీ చెప్పండి. ఘాటైన డికాషన్‌ని పొడవాటి గుడ్డ సంచీలో వడగట్టి, డబ్బా పాలు కలుపుతారు. గోధుమరంగుకి మారిన ఆ గుడ్డ చూసి జనం దానికి పట్టు మేజోడని పేరు పెట్టారు. యాలకులూ అల్లమూ ఏమీ ఉండవు, చక్కెర కూడా చాలాచోట్ల మీరే వేసుకోవాలి. మన టీ కోసం ఎదురుచూస్తే నిరాశే. నాలిక్కి కాస్త వగరు తగిలేలా ఉండటమే దాని గొప్పతనం. సెట్‌తో చల్లటి టీ అడిగితే రెండు మూడు డాలర్లు ఎక్కువ వేస్తారు. టీ, కాఫీ రెండూ కలిపిన యున్‌యుంగ్ కూడా ఉంటుంది, ధైర్యం ఉంటే.

దాంతోపాటు బో లో బావ్. పైన పగుళ్ల పెంకు చూసి పైనాపిల్ బన్ను అంటారు గానీ లోపల పైనాపిల్ ఉండదు. వేడి బన్ను మధ్య చల్లటి వెన్న పలక దూర్చి ఇస్తారు. వెన్న కరిగేలోపు తినేయాలి. ఫొటో తీస్తూ కూర్చున్నారా, అది పళ్లెంలోకి కారిపోతుంది. గుడ్డు టార్ట్ కూడా అంతే, పొయ్యి దిగిన వేడిమీదే రుచి.

డిమ్ సమ్, అంటే చిన్న బుట్టల్లో ఆవిరి మీద వచ్చే చిరుతిళ్లు, తినాల్సింది ఉదయం, మహా అయితే మధ్యాహ్నం మూడు లోపు. నలుగురైదుగురు కలిసి వెళ్తేనే లాభం, ఒక్కో బుట్టలో మూడో నాలుగో ముక్కలుంటాయి. కాగితం మీద టిక్కులు పెట్టి ఇవ్వాలి. టీకి మనిషికింత అని అడగకుండానే బిల్లులో వేస్తారు, గొడవపడకండి. టీ అయిపోతే కెటిల్ మూత పక్కకి జరిపి పెట్టండి, వచ్చి వేడినీళ్లు పోస్తారు. మీ కప్పులో ఎవరైనా టీ పోస్తే రెండు వేళ్లతో బల్లమీద మెల్లగా తట్టండి. అక్కడ అది థాంక్స్. మాటల్లో చెప్పాలంటే "మ్ గోయ్". దారి అడగాలన్నా, పక్కకి తప్పుకోమనాలన్నా, వెయిటర్ని పిలవాలన్నా ఈ ఒక్క మాటే.

శాకాహారులు ఇక్కడ కాస్త నిదానించండి. హాంకాంగ్‌లో కూరగాయలకు కొదవలేదు, కానీ కూరగాయ వంటకం అన్నది శాకాహారం కానక్కర్లేదు. ఆకుకూర మీద ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు, టోఫూ కూరలో పంది కైమా ఉంటుంది, సూప్‌కి కోడి ఎముకల రసమే ఆధారం. డిమ్ సమ్‌లో ముల్లంగి కేక్ పేరు చూసి సంబరపడతారు. అందులో ఎండురొయ్యలూ చైనా సాసేజ్ ముక్కలూ ఉంటాయి. బన్నుల్లో, టార్ట్ పెంకుల్లో పాత పద్ధతి ప్రకారం పంది కొవ్వు వాడే బేకరీలున్నాయి. "నో మీట్" అంటే సరిపోదు. "జాయ్" అనండి. అది బౌద్ధ శాకాహారం, దాంట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీరు తిననివేవో చైనీస్ లిపిలో ఫోన్‌లో రాయించుకుని చూపిస్తే ఇంకా భేష్. బీఫ్ తినకపోతే అదీ రాయించండి, చా చాన్ టెంగ్ మెనూల్లో అది చాలాచోట్ల దాక్కుని ఉంటుంది.

ఒక చిట్కా: చాంద్రమానంలో 1, 15 తేదీల్లో, అంటే మన అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో, అక్కడ చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో శాకాహార హోటళ్లు కిక్కిరిసిపోతాయి. పంచాంగం చేతిలో ఉన్న మనకి ఇది లెక్కగట్టడం తేలికే కదా. డైమండ్ హిల్ స్టేషన్ పక్కన నాన్ లియాన్ తోటలో జలపాతం వెనక ఒక శాకాహార భోజనశాల ఉంది. భోంచేసి, ఇనుప మేకులు వాడకుండా చెక్కతో కట్టిన చి లిన్ బౌద్ధ సన్యాసినుల మఠం చూసి రావచ్చు.

ఇక మన తిండే కావాలంటే త్సిమ్ షా త్సుయిలో చుంగ్‌కింగ్ మాన్షన్స్ ఉంది. 1961లో కట్టిన 17 అంతస్తుల భవనం, ఐదు బ్లాకులు, ప్రతి బ్లాకుకీ వేరే లిఫ్టులు. గుమ్మంలో "కర్రీ, కర్రీ" అంటూ చుట్టుముట్టేవాళ్లని నవ్వుతూ దాటేయండి. డబ్బు మార్చుకోవాలంటే గుమ్మం పక్క కౌంటర్లు కాదు, లోపలికి వెళ్తే మంచి రేటు. వాన్ చాయ్‌లోని గురుద్వారాలో లంగర్ (అందరికీ ఉచిత భోజనం) కూడా ఉంది. తల కప్పుకోవాలి, చెప్పులు విప్పాలి, ఇవన్నీ మనకి కొత్త కాదు.

షామ్ షుయి పో: ఒక్క పేట, ఒక్క పూట

పేటలన్నింట్లో ఒక్కటే చూడగలిగితే నేను పంపేది ఇక్కడికే. మెట్రో దిగి పైకి రాగానే అప్లియూ వీధి. పాత రేడియోలు, రిమోట్లు, ప్లగ్గులు, టార్చిలైట్లు, ఎవరికి పనికొస్తాయో అర్థంకాని వైర్ల గుట్టలు. అక్కడి సాకెట్లు మూడు చదరపు పుల్లలవి, అడాప్టర్ మర్చిపోయి వెళ్తే ఇక్కడే కొనుక్కోండి. కాస్త ముందుకెళ్తే ఒక వీధంతా బట్టల తాన్లు, ఒక వీధంతా పూసలు, ఒక వీధంతా రిబ్బన్లూ గుండీలూ. కుట్టుపని తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్తే ఆ రోజు మీది కాదని అర్థం చేసుకోండి.

పదిన్నర ప్రాంతంలో టోఫూ చేసే పాత కొట్టొకటి వెతకండి. ముందు భాగంలో పెనం మీద టోఫూ ముక్కలు వేగుతుంటాయి, లోపల రెండు మూడు బల్లలు. దౌ ఫూ ఫా అడగండి. చెక్క తొట్టిలో తెల్లగా గడ్డకట్టిన సోయాపాలని చదునైన గరిటెతో పొరలు పొరలుగా తీసి గిన్నెలో వేస్తారు. ముట్టుకుంటే వణుకుతుంది. మన జున్ను కంటే పలచన, నోట్లో పెట్టగానే జారిపోతుంది. బల్లమీద డబ్బాలో పసుపురంగు చక్కెర ఉంటుంది, పైన చల్లి, కరిగీ కరగకముందే తినాలి. పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం అసలే లేదు. పొద్దున వేడిగా ఒకటి తిన్నవాళ్లు సాయంత్రం చల్లగా ఇంకోటి తింటారు.

తర్వాత మే హో హౌస్ దాకా నడవండి. 1953 క్రిస్మస్ రాత్రి దగ్గర్లోని షెక్ కిప్ మే గుడిసెల్లో మంటలంటుకుని యాభై వేలమందికి పైగా నిలువనీడ లేకుండా పోయారు. వాళ్ల కోసం కట్టిన తొలి బహుళ అంతస్తుల ఇళ్లలో మిగిలిన భవనం ఇది, 1954 నాటిది. లోపల చిన్న మ్యూజియం ఉంది, అప్పటి ఒక్కగది ఇళ్లు అచ్చం అలాగే అమర్చి పెట్టారు. ఇవాళ మీరు చూస్తున్న వందల టవర్ల కథ ఇక్కడ మొదలైంది. దాని వెనకే గార్డెన్ హిల్ అనే చిన్న గుట్ట, మెట్లెక్కితే పేటంతా కాళ్లకింద. ఎండ తగ్గాక ఎక్కండి.

ద్వీపం వైపు నడకకి షంగ్ వాన్. ఎండుచేపలూ ఎండు పుట్టగొడుగులూ అమ్మే డే వూ రోడ్ వెస్ట్‌తో మొదలుపెట్టి, పాత సామాన్ల అప్పర్ లాస్కర్ రో మీదుగా మాన్ మో గుడికి. ఓడల్లో పనిచేసిన మన లస్కర్ల పేరే ఆ వీధికి మిగిలింది. 1847 నాటి గుడిలో పైకప్పు నుంచి చుట్టలు చుట్టలుగా అగరు వేలాడుతుంటుంది, బూడిద మీద పడుతుంది, తెల్లచొక్కా వద్దు. అక్కడి నుంచి పాత పోలీస్‌స్టేషన్, జైలు కలిసిన తాయ్ క్వున్. 2018లో కళాకేంద్రంగా తెరిచారు, లోపలికి డబ్బుల్లేవు. దాన్ని ఆనుకునే 800 మీటర్ల ఎస్కలేటర్ వరస వెళ్తుంది. పొద్దున ఆరు నుంచి పది దాకా కిందికే నడుస్తుంది, తర్వాత అర్ధరాత్రి దాకా పైకే. నడక దిక్కు దాన్నిబట్టి పెట్టుకుంటే మోకాళ్లు మిమ్మల్ని దీవిస్తాయి.

మాంగ్ కోక్ గురించి తక్కువే చెప్తాను. ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లో దిగి పూల బజారు, పక్షుల తోట, ప్లాస్టిక్ సంచుల్లో చేపలు వేలాడదీసిన గోల్డ్‌ఫిష్ బజారు వరసగా చూసి, జనం ఎక్కువయ్యేసరికి బయటపడండి. లేడీస్ మార్కెట్లో చెప్పిన ధర ఇస్తే అది మీ దానగుణం.

ఆదివారం, ద్వీపం మీది ఆఫీసుల పేట సెంట్రల్‌లో తిరిగితే బ్యాంకు భవనాల కింద, ఫుట్‌బ్రిడ్జిల మీద అట్టలు పరుచుకుని వందల మంది ఆడవాళ్లు కూర్చుని భోంచేస్తూ, పాడుకుంటూ కనిపిస్తారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా నుంచి ఇంటిపనికి వచ్చినవాళ్లు, ఊరు మొత్తంలో మూడు లక్షలకు పైనే. వారానికి వాళ్లకున్న ఒక్క సెలవు అది. ఫొటోలు తీయకండి.

ఊరి బయటికి

డ్రాగన్స్ బ్యాక్: షావ్ కే వాన్ స్టేషన్ దగ్గర 9 నంబర్ బస్సెక్కి తో తే వాన్ దగ్గర దిగండి. కొండ వెన్నెముక మీద నడక, రెండువైపులా సముద్రం, అత్యంత ఎత్తైన చోటు 284 మీటర్లే. బిగ్ వేవ్ బే బీచిలో దిగేసరికి మూడు గంటల లోపు పడుతుంది. మధ్యలో కొట్లు లేవు, శిఖరం మీద నీడా లేదు, మనిషికి లీటరున్నర నీళ్లు మోసుకెళ్లండి.

లాంటౌ: పెద్ద దీవి, దీనికి రోజంతా కావాలి. తుంగ్ చుంగ్ నుంచి 5.7 కిలోమీటర్ల కేబుల్ కార్ 25 నిమిషాల్లో పైకి చేరుస్తుంది. గాలి ఎక్కువైనా, మరమ్మతులున్నా ఆపేస్తారు కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. 23 నంబర్ బస్సు ఎలాగూ ఉంది, ఖర్చూ తక్కువ. 268 మెట్లెక్కితే 34 మీటర్ల కంచు బుద్ధుడు. ఎదురుగా పో లిన్ మఠంలో శాకాహార భోజనం, ముందు టికెట్ తీసుకోవాలి. చాలామంది ఇక్కడితో వెనక్కి తిరుగుతారు. మీరు 21 నంబర్ బస్సెక్కి తాయ్ ఓకి వెళ్లండి. నీళ్లలో గుంజల మీద నిలబెట్టిన రేకుల ఇళ్ల పల్లె అది. రొయ్యల ముద్ద ఎండబెట్టే వాసన ముక్కు పగలగొడుతుంది, ఐదు నిమిషాలు ఓర్చుకుంటే అలవాటైపోతుంది. తిరిగి తుంగ్ చుంగ్‌కి 11 నంబర్ బస్సు. సెలవు రోజుల సాయంత్రాలు ఆ క్యూ పొడవుగా ఉంటుంది, నాలుగింటికల్లా లైన్లో ఉండండి.

లామా: కార్లు లేని దీవి. సెంట్రల్ 4వ పియర్ (పడవల రేవు) నుంచి అరగంటలో యుంగ్ ష్యూ వాన్. అక్కడి నుంచి సోక్ క్వూ వాన్‌కి గంటా గంటన్నర నడక, సిమెంటు దారే, పిల్లలూ పెద్దవాళ్లూ నడవగలరు. దారిలో బీచి ఉంది, బీచి పక్కనే కరెంటు కేంద్రం మూడు పొగగొట్టాలు కూడా ఉన్నాయి. సోక్ క్వూ వాన్‌లో చేపల హోటళ్లు. బరువుని కాటీల్లో చెప్తారు, ఒక కాటీ అంటే సుమారు 600 గ్రాములు. తొట్టిలోంచి చేప బయటికి తీయకముందే కాటీ ఎంత, ఈ చేప మొత్తం ఎంత అని రెండూ అడగండి. అక్కడి నుంచి సెంట్రల్‌కి పడవలు తక్కువ, నడక మొదలుపెట్టేటప్పుడే టైమ్‌టేబుల్ ఫొటో తీసుకోండి.

చ్యుంగ్ చావ్ అనే ఇంకో దీవికి 5వ పియర్. మామూలు పడవ గంట లోపు, వేగపు పడవ ముప్పావుగంట లోపు. ఆదివారాలు చార్జీ ఎక్కువ, జనమూ ఎక్కువ, మామూలు రోజున వెళ్లండి.

వాన, తుఫాను

హాంకాంగ్ అబ్జర్వేటరీ యాప్ ఫోన్‌లో వేసుకోండి. తుఫాను సిగ్నళ్లు 1, 3, 8, 9, 10. ఒకటికి గాభరా అక్కర్లేదు. మూడు పడితే దీవుల ప్రయాణం మానుకోండి. ఎనిమిది ఎగరేస్తే ఆఫీసులు, స్కూళ్లు, చాలా దుకాణాలు మూసేస్తారు, ఫెర్రీలూ బస్సులూ ఆగిపోతాయి. ఎనిమిది ఎగరేసే ముందు సాధారణంగా రెండు గంటల ముందుగానే హెచ్చరిక ఇస్తారు. ఆ రెండు గంటల్లో ఊరంతా ఇంటికి పరుగెత్తుతుంది, మీరు అంతకంటే ముందే కదలాలి. భారీవానకి అంబర్, రెడ్, బ్లాక్ అని వేరే హెచ్చరికలున్నాయి. బ్లాక్ ఉన్నప్పుడు ఉన్నచోటే లోపల ఉండిపోవడం మంచిది. తుఫాను వార్త రాగానే బేకరీల్లో రొట్టెలు ఖాళీ అయిపోతాయి, రెండు పూటలకి సరిపడా బన్నులూ పండ్లూ ముందురోజు సాయంత్రమే గదికి తెచ్చి పెట్టుకోండి.